మంగళవారం ఆఫీసుకు వచ్చి ఏం చేయాలి? హైదరాబాద్ ఐటీ కంపెనీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

హైదరాబాద్ ఐటీ కంపెనీల యాజమాన్యాలకు, హెచ్‌ఆర్ పెద్దలకు,

నమస్కారం.

పోయిన నెల మా ఆఫీసులో అందరికీ ఒక మెయిల్ వచ్చింది. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలట. స్వైప్ లెక్క, అంటే గేటు దగ్గర కార్డు గీకిన హాజరు లెక్క, నెలనెలా మేనేజర్‌కి వెళ్తుందట. తక్కువైతే అప్రైజల్‌లో, అంటే ఏడాది పని అంచనాలో, కనిపిస్తుందట. రెండు పేజీల మెయిల్‌లో 'మూడు రోజులు' అన్న మాట ఎనిమిది సార్లు ఉంది, లెక్కపెట్టాను. ఆ మూడు రోజులు వచ్చి ఏం చేయాలో మాత్రం ఒక్కచోట కూడా లేదు.

ఇది మా కంపెనీ ఒక్కదాని సంగతే అయితే మా హెచ్‌ఆర్‌కే రాసుకునేదాన్ని. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో, నానక్‌రామ్‌గూడలో పనిచేసే స్నేహితులను అడిగితే అందరి దగ్గరా ఇలాంటి మెయిలే ఉంది. అంకె ఒక్కటే తేడా. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను ఆఫీసే వద్దనే బాపతు కాదు. పదహారేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఇప్పుడు పద్నాలుగు మంది టీమ్‌ని చూసుకుంటున్నాను. నాకు ఈ పని వచ్చిందంటే పక్క సీటు సీనియర్ల పుణ్యమే. కాబట్టి దీన్ని ఇంట్లో కూర్చుని జీతం అడిగేవాళ్ళ గోల అనుకుని పక్కన పెట్టకండి.

మొన్నొక మంగళవారం ఎలా గడిచిందో చెప్తాను. మా ఇల్లు నిజాంపేటలో, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. పాపను స్కూల్ బస్సు ఎక్కించి ఏడూ నలభైకి కారు తీస్తే ఆఫీసు పార్కింగ్‌లోకి వెళ్ళేసరికి తొమ్మిదీ ఐదు. మెట్రోలో రావచ్చు కదా అంటారు. జేఎన్‌టీయూ దగ్గర ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగాలి. రైలు అక్కడితో ఆఖరు. అక్కడి నుంచి మళ్ళీ ఆటో కోసమో షటిల్ కోసమో ఎదురుచూపు. సరే, చేరాను. సీట్లు తగ్గించారు కాబట్టి ముందు రాత్రే యాప్‌లో బుక్ చేసుకోవాలి. మా పద్నాలుగు మందికి మూడు ఫ్లోర్లలో దొరికాయి. నేనూ ఒక కుర్రాడూ ఆరులో, నలుగురు నాలుగులో, మిగతావాళ్ళు తొమ్మిదిలో. మీటింగ్ రూమ్ ఖాళీ లేదు. దాంతో పదిన్నరకి స్టాండప్ (ఎవరి పని ఎక్కడుందో చెప్పుకునే రోజువారీ చిన్న మీటింగ్) అందరం హెడ్‌సెట్లు పెట్టుకుని ఆన్‌లైన్‌లోనే కానిచ్చాం. నా వెనక వరసలో ఉన్న ఆ కుర్రాడి గొంతు ముందు మామూలుగా వినబడుతోంది, అర సెకను తర్వాత హెడ్‌సెట్‌లో వినబడుతోంది. ప్రతి మాటా రెండుసార్లు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

సాయంత్రం ఏడున్నరకి న్యూజెర్సీ క్లయింట్‌తో కాల్ ఉంది, ఇంటికి వెళ్ళి తీసుకుందామని ఐదున్నరకి బయలుదేరాను. వాన పడింది. ఆ కాల్ కారులోనే, మ్యూట్‌లో, వైపర్ల చప్పుడు మధ్య తీసుకున్నాను.

ఆ రోజు మొత్తంలో ఇంటి నుంచి జరగని పని ఒక్కటే జరిగింది. క్యాంటీన్‌లో ఒక పాత కొలీగ్ కనబడితే పది నిమిషాలు నిలబడి టీ తాగాం. మేము మొదటి నుంచీ రాసుకుంటున్న ఒక టెస్టింగ్ స్క్రిప్టు వాళ్ళ టీమ్ దగ్గర తయారుగా ఉందని ఆ మాటల్లో తెలిసింది. మాకు రెండు వారాల పని తప్పింది. అంటే ఆఫీసుకు వస్తే లాభం ఉంది, నేను కాదనడం లేదు. కానీ అది దారిలో రూపాయి దొరికినట్టు దొరికింది. నేను మరో ఐదు నిమిషాలు ఆలస్యంగా టీకి వెళ్ళి ఉంటే అదీ లేదు.

అసలు ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి? 2020 మార్చి మొదటి వారంలో మైండ్‌స్పేస్ ఐటీ పార్కులో కరోనా అనుమానంతో ఒక బిల్డింగ్‌ని ఖాళీ చేయించినప్పుడు మేమంతా రెండు రోజుల సెలవు అనుకున్నాం. అదే నెల 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మా ఆఫీసులో డెస్క్‌టాప్‌లను దుప్పట్లలో చుట్టి క్యాబుల్లో ఇళ్ళకు పంపారు. ఆ నవంబర్‌లో టెలికాం శాఖ కాల్ సెంటర్ల నిబంధనలు సడలించి ఇంటి నుంచి పనికి దారి తెరిచింది. 2022 జూలైలో సెజ్‌ల, అంటే పన్ను రాయితీలు ఉండే ప్రత్యేక ఆర్థిక మండళ్ళ, నిబంధనల్లో 43ఏ అనే కొత్త రూల్ పెట్టి, సెజ్ యూనిట్లలో సగం మంది వరకు ఇంటి నుంచి పనిచేయవచ్చన్నారు. డిసెంబర్‌లో దాన్ని వంద శాతానికి పెంచి 2023 ఆఖరు దాకా పొడిగించారు. సెజ్‌లో ఉన్న కంపెనీల్లో అప్పటి లెక్కల వెనక ఈ రూల్ ఉందని మాలో చాలామందికి తెలియదు. మాకు వచ్చిన మెయిళ్ళలో మాత్రం 'కల్చర్', 'కొలాబరేషన్' అని ఉండేది. సెజ్ రూల్ కోసం పిలిస్తే ఆ మాటే రాయండి, అర్థం చేసుకుంటాం. మేమేం చిన్నపిల్లలం కాదు.

ఆ తర్వాత ఒక్కొక్కరిదీ ఒక్కో దారి అయింది. 2023 అక్టోబర్ నుంచి టీసీఎస్ వారానికి ఐదు రోజులంది. నవంబర్‌లో విప్రో మూడంది. 2025 మార్చి నుంచి ఇన్ఫోసిస్ కొన్ని స్థాయిల వాళ్ళకు నెలకు పది రోజులంది. ఈ మూడూ దాదాపు ఒకే రకం క్లయింట్లకు ఒకే రకం పని చేసే కంపెనీలు. ఆ పనికి ఆఫీసు ఎన్ని రోజులు కావాలో నిజంగా కొలిచి ఉంటే జవాబులు ఇంత దూరం దూరంగా వస్తాయా?

కొలిచినవాళ్ళు లేకపోలేదు. చైనాలో ట్రిప్ డాట్ కామ్ అనే ట్రావెల్ కంపెనీ ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో ఎకనామిక్స్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు ఆ కంపెనీలో 1,612 మంది మీద ఆరు నెలల ప్రయోగం చేసి, ఫలితాలను 2024లో నేచర్ పత్రికలో ప్రచురించారు. బేసి తేదీల్లో పుట్టినవాళ్ళకు బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి పని. సరి తేదీల వాళ్ళు ఐదు రోజులూ ఆఫీసు. ఇంటి నుంచి పనికి అవకాశం ఉన్నవాళ్ళలో ఉద్యోగం మానేయడం మూడో వంతు తగ్గింది. రెండేళ్ళ పాటు వాళ్ళ రేటింగులు, ప్రమోషన్లు చూస్తే రెండో గుంపుతో తేడా లేదు. మేనేజర్ల సంగతి మరీ తమాషా. మొదట్లో వాళ్ళను అడిగితే హైబ్రిడ్ (కొన్ని రోజులు ఇల్లు, కొన్ని రోజులు ఆఫీసు) వల్ల పని సుమారు రెండున్నర శాతం తగ్గుతుందన్నారు. ప్రయోగం అయ్యాక అడిగితే ఒక శాతం పెరిగిందన్నారు.

ఈ అధ్యయనాన్ని చూపించి 'రెండు రోజులు ఇల్లు ఇవ్వండి' అని అడిగేవాళ్ళు ఒక సంగతి వదిలేస్తున్నారు. అక్కడ సోమ, మంగళ, గురువారాల్లో అందరూ ఆఫీసులోనే ఉన్నారు. ఎవరికి తోచిన రోజు వాళ్ళు రాలేదు. మన దగ్గర తప్పిపోయింది అదే. మూడు రోజుల లెక్క ఉంది, కానీ నేను వచ్చిన రోజు నాకు కావలసిన మనిషి రాడు. అతను వచ్చిన రోజు నాకు పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగ్.

ఇక మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఇంటి నుంచి పనిచేసిన ఆ రెండు మూడేళ్ళలో మేము బాగానే ఉన్నాం, ఎందుకంటే మాకు పని వచ్చు. నష్టపోయింది కొత్తగా చేరిన పిల్లలు. 2021లో నా టీమ్‌లో ఒకమ్మాయి చేరింది. క్యాంపస్ నుంచి నేరుగా, వాళ్ళ ఊళ్ళో ఇంటి నుంచే లాగిన్. ప్రతి స్టాండప్‌లో 'వర్కింగ్ ఆన్ ఇట్' అనేది. రెండు రోజులయ్యాక నేనే ఫోన్ చేస్తే ఏడుపు గొంతు. బిల్డ్ (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) ఫెయిల్ అవుతోంది, ఎందుకో తెలియదు, అడిగితే ఇంత చిన్నది కూడా రాదా అనుకుంటారని భయం. స్క్రీన్ షేర్ చేయమంటే చూశాను, జావా వర్షన్ తేడా. నాలుగు నిమిషాల పని. అదే ఆఫీసులో అయితే వెనక నుంచి నీళ్ళ సీసా పట్టుకుని వెళ్ళే ఎవరో ఒకరు ఆ ఎర్ర లైన్లు చూసి 'ఏంటమ్మా, పాత వర్షన్ పెట్టావా' అని ఆగకుండానే చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. అలాంటి సహాయం అడగక్కర్లేదు, టికెట్ (సహాయం కోరుతూ సిస్టమ్‌లో పెట్టే అభ్యర్థన) వేయక్కర్లేదు. ఆ అమ్మాయి ఏడాది తిరక్కుండానే మానేసింది. నా పదహారేళ్ళలో నేను సరిగ్గా చూసుకోలేదని అనిపించే మనుషుల్లో తను ఒకతె.

అందుకే ఫ్రెషర్లను మాత్రం ఆఫీసుకు పిలవండి అంటాను. ఐతే వాళ్ళను పిలిచి, నేర్పాల్సిన సీనియర్లను వేరే రోజు రమ్మంటే ఏం లాభం? ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది ఇదే. కొత్త పిల్లలు పీజీ హాస్టల్ నుంచి రోజూ వచ్చి, ఖాళీ వరసల్లో కూర్చుని, ఇంట్లో ఉన్న సీనియర్‌కి మెసేజ్ పెట్టి జవాబు కోసం చూస్తున్నారు.

స్వైప్ లెక్కల గురించి పెద్దగా రాయను, మీకూ తెలుసు. పొద్దున్నే వచ్చి స్వైప్ చేసి, టిఫిన్ తిని, పదకొండింటికల్లా ఇంటికి బయలుదేరేవాళ్ళు ప్రతి ఫ్లోర్‌లో ఉన్నారు. ఇంట్లో ఉన్నప్పుడు చాట్ యాప్‌లో పనిలో ఉన్నట్టు స్టేటస్ పచ్చగా ఉండాలని మాకు తెలిసిన ఒకతను టేబుల్ ఫ్యాన్‌కి దారం కట్టి, ఫ్యాన్ అటూ ఇటూ తిరిగినప్పుడల్లా మౌస్ కదిలేలా ఏర్పాటు చేసుకున్నాడు. ఆ రోజు పడీపడీ నవ్వాం. తర్వాత అనిపించింది, అంత బుర్ర ఉన్న మనిషిని మీరు ఆ పనికి దింపారు కదా అని. మీరు దేన్ని కొలిస్తే మేము దాన్నే చేసి చూపిస్తాం. స్వైప్‌ని కొలిస్తే స్వైప్ వస్తుంది.

మా అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. ఇంట్లో నేను ఫోన్‌లో 'ఆర్‌టీఓ, ఆర్‌టీఓ' అని గొణుగుతుంటే 'లైసెన్స్ రెన్యువలా?' అని అడిగింది. ఆఫీసుకు తిరిగి రమ్మనడానికి పెట్టుకున్న పేరమ్మా అది, అని చెప్తే, 'వెళ్ళి పని చేసుకోవడానికి దానికో పేరు కూడానా' అంది.

ఇంటి నుంచి పని అంటే ఆడవాళ్ళకు మేలు చేసినట్టే అని మీ మెయిళ్ళలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. సగమే నిజం. 'ఇంట్లోనే ఉన్నావుగా' అన్న మాట నాకు రెండు వైపుల నుంచీ వస్తుంది. ఇంట్లో వాళ్ళంటే గ్యాస్ సిలిండర్ వచ్చినప్పుడు, చుట్టాలు వచ్చినప్పుడు. మేనేజర్ అంటే రాత్రి పదిన్నరకి కాల్ పెట్టినప్పుడు. ఆఫీసుకు వచ్చిన రోజు సాయంత్రం ఆరుకి బయటపడితే ఆ తర్వాత అడగడానికి ఎవరైనా కాస్త మొహమాటపడతారు. ఇంటి రోజున ఆ మొహమాటం లేదు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద తెరిచే ఉంటుంది. ఫ్రాన్స్‌లో పనివేళలు దాటాక ఫోనూ మెయిలూ పక్కన పెట్టే హక్కు 2017 నుంచే చట్టంలో ఉంది. మనకు చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, పాలసీలో ఒక వాక్యం చాలు: ఇంటి రోజుకు కూడా లాగౌట్ టైమ్ ఉంటుంది.

ఇంకొకటి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు 26 వారాల సెలవు వచ్చిందని అందరికీ తెలుసు. సెలవు అయ్యాక, పని స్వభావాన్ని బట్టి, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంటి నుంచి పనిచేసే వీలు కూడా అందులోనే పెట్టారు. 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థ క్రెష్ (చిన్నపిల్లలను చూసుకునే చోటు) ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చని కూడా ఉంది. నా టీమ్‌లో సెలవు నుంచి తిరిగి వచ్చిన ఇద్దరికీ ఈ సంగతి నేను చెప్పేదాకా తెలియదు. హెచ్‌ఆర్ నుంచి వచ్చిన మెయిల్‌లో మూడు రోజుల స్వైప్ గుర్తుచేయడం మాత్రం ఉంది.

ట్రాఫిక్ విషయంలో మీరు చేయగలిగింది చాలా ఉంది. 2022-23 నాటికే తెలంగాణ ఐటీ రంగంలో 9 లక్షల మందికి పైగా ఉద్యోగులున్నారు. అందులో ఎక్కువమంది పనిచేసేది సైబర్ టవర్స్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వరకు ఉన్న ఈ కొద్దిపాటి మేరలోనే. చాలామంది ఎంచుకునే మూడు రోజులు మంగళ, బుధ, గురువారాలే. సోమవారం రోడ్డు ఖాళీ, బుధవారం బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర కారు దిగి నడిచినా ముందే చేరతాం. మీరు కూర్చుని మాట్లాడుకోలేరా అంటే, మాట్లాడుకోగలరు. 2023 జూలై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఐకియా నుంచి సైబర్ టవర్స్ వరకు ఒక విడత, బయోడైవర్సిటీ వైపు ఒక విడత, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఒక విడత, ఇలా వేర్వేరు వేళల్లో లాగౌట్ చేయమని అడిగారు. వాన కోసం వేళలు మార్చుకోగలిగితే, మామూలు వారానికి రోజులు పంచుకోలేమా? ఒకే కాంప్లెక్సులో పక్కపక్క టవర్లలో ఉన్న కంపెనీలు ఒకరు సోమ, గురువారాలు, ఇంకొకరు మంగళ, శుక్రవారాలు అనుకుంటే చాలు.

మా టీమ్‌లో మేము ఒక ప్రయత్నం చేశాం, అది చెప్పడానికే అసలు ఈ ఉత్తరం. ఒక గురువారం పాంట్రీలో కూర్చుని, గత నెలలో చేసిన పనులన్నీ బోర్డు మీద రాశాం. ఒక్కొక్క దాని ముందు ఒకటే ప్రశ్న: ఇది దూరం వల్ల చెడిందా? కోడ్ రాయడం చెడలేదు, ఇంట్లోనే బాగా సాగింది. టెస్టింగ్, డాక్యుమెంట్లు, క్లయింట్ కాల్స్, వీటికీ ఇల్లే నయం. డిజైన్ మీద వాదన చెడింది, ఆన్‌లైన్‌లో గట్టిగా మాట్లాడేవాళ్ళదే పైచేయి అయింది. కొత్తవాళ్ళకు రివ్యూ (వాళ్ళు రాసిన కోడ్‌ని చూసి తప్పులు చెప్పడం) చెడింది. స్ప్రింట్ ప్లానింగ్ (వచ్చే కొన్ని వారాల పని పంచుకోవడం) చెడింది. ఇద్దరి మధ్య ఒక పాత మనస్పర్థ మెసేజీల్లో ముదిరి ముదిరి నా దాకా వచ్చింది, అదీ చెడినట్టే లెక్క. చెడినవన్నీ కలిపితే వారానికి రెండు రోజుల పని తేలింది. సోమ, గురువారాలు అనుకున్నాం, పద్నాలుగు మందీ కలిసి.

మొదటి నెల ఘోరంగా ఫెయిలయ్యాం. ఎలాగూ అందరూ ఉన్నారు కదా అని మీటింగులన్నీ ఆ రెండు రోజుల్లోకే తోసేశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రూముల్లో కూర్చుని తలనొప్పితో ఇంటికి వెళ్ళారు, ఒకరితో ఒకరు మాట్లాడుకుంది లేదు. రెండో నెల నుంచి రోజుకు రెండే మీటింగులు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఏమీ పెట్టం, పక్కపక్కన కూర్చుని ఎవరి పని వాళ్ళు చేసుకుంటాం, మాటలు వాటంతట అవే వస్తాయి. సీట్ల కోసం అడ్మిన్ వాళ్ళను బతిమాలి ఒక వరస మొత్తం ఆ రెండు రోజులకు మా పేరు మీద పెట్టించాను. నాలుగింటికి ఎవరైనా లేచి వెళ్ళిపోవచ్చు, ఆఫీసు రోజుల్లో రాత్రి కాల్స్ ఉండవు. వరంగల్‌లో నాన్నగారికి డయాలసిస్ చేయిస్తున్న ఒకతను మూడు వారాలకోసారి సోమవారం వచ్చి గురువారం దాకా ఉంటాడు. మిగతా వారాల్లో తను లేనప్పుడు అనుకున్నది ఏదైనా ఆ సాయంత్రంలోగా రాతలో పెట్టాలి. ఈ ఒక్క నియమం వల్ల అందరికీ మేలు జరిగింది, ఎందుకంటే ఆఫీసులో ఉన్నవాళ్ళకు కూడా ఏం అనుకున్నామో సరిగ్గా గుర్తుండదు.

ఇదంతా మీ పాలసీకి పక్కనే నడిపిస్తున్నాం. మీ లెక్క మూడు కాబట్టి మూడో రోజు కూడా వస్తున్నాం. ఆ రోజు ఎవరు ఏ ఫ్లోర్‌లో ఉంటారో నాకు తెలియదు.

అన్ని పనులకూ ఇది కుదరదని తెలుసు. హార్డ్‌వేర్ ల్యాబుల్లో పనిచేసేవాళ్ళు, బ్యాంకు క్లయింట్ల కోసం తాళం వేసిన గదుల్లో పనిచేసేవాళ్ళు రోజూ రావాల్సిందే. మనకు క్యాంటీన్‌లో దోసె వేసే అతనికి, గేటు దగ్గర సెక్యూరిటీకి హైబ్రిడ్ అన్న మాటే లేదు. అందుకే 'అందరికీ ఒకే రూల్' అని మీరంటే నాకు అర్థం కాదు. ఇప్పటికే అందరికీ ఒకే రూల్ లేదు కదా.

నేను అడిగేది అంకె తగ్గించమని కాదు. కొన్ని టీమ్‌లకు నాలుగు రోజులు కావాలేమో, కావాలంటే నాలుగే పెట్టుకుంటారు. ఆ అంకె తేల్చడం టీమ్ లీడ్ల చేతికి ఇవ్వండి. ఆఫీసు రోజు ఏ పనికోసమో ఒక పేజీలో రాసి ఇమ్మని మమ్మల్ని అడగండి, మూడు నెలలకోసారి ఆ పని జరిగిందా అని నిలదీయండి. టీమ్ వచ్చిన రోజు టీమ్ మొత్తానికి ఒకేచోట సీట్లు ఇవ్వండి, ఇది మీ చేతిలో పని, మాకు చేతకాదు. అప్రైజల్ ఫారంలోంచి స్వైప్ కాలమ్ తీసేయండి. ఆఫీసులో కళ్ళ ముందు ఉన్నవాడికి ఒక రేటింగ్, వరంగల్‌లో ఉన్నవాడికి ఒక రేటింగ్ పడుతోందేమో హెచ్‌ఆర్ దగ్గర డేటా ఉంది, ఒకసారి తీసి చూడండి.

మా టీమ్ రాసుకున్న కాగితం నా దగ్గర ఉంది. ఒకటిన్నర పేజీ. మొదటి నెల ఎందుకు ఫెయిలయ్యామో కూడా అందులో ఉంది. మా పేర్లు, క్లయింట్ పేరు తీసేసి, అడిగిన ఏ కంపెనీ హెచ్‌ఆర్‌కైనా పంపిస్తాను. మా హెచ్‌ఆర్‌కి పంపి మూడు వారాలైంది, ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
నిజాంపేట నుంచి ఒక టీమ్ లీడ్